విజయనగరం మేడ మీద ఐదు బ్యాండ్ల హెక్స్‌బీమ్: ఎస్‌డబ్ల్యూఆర్ బాగుంది, తిప్పితే మాత్రం తేడా లేదు

గంటస్తంభం14 (విజయనగరం)

అందరికీ నమస్కారం. స్టీవ్ హంట్ (జీ3టీఎక్స్‌క్యూ) బ్రాడ్‌బ్యాండ్ హెక్స్‌బీమ్ కొలతలతో హామ్ రేడియోలో 20, 17, 15, 12, 10 మీటర్ల బ్యాండ్లకి (తరంగం పొడవుని బట్టి ఆ పేర్లు) బీమ్, అంటే ఒక దిక్కుకే ఎక్కువగా పంపి, వినే యాంటెన్నా, కట్టి మేడ మీద నిలబెట్టాను. ఆరు గొట్టాల మీద షట్భుజిలా తీగలు కట్టేది కాబట్టి హెక్స్‌బీమ్. వివరాలన్నీ రాస్తున్నాను, ఎక్కడ తప్పిందో చెప్పండి.

రెండంతస్తుల మేడ. స్లాబ్ నేలకి 7 మీటర్ల ఎత్తు. స్లాబ్ మీద రెండంగుళాల జీఐ పైపు, దాని లోపల ఒకటిన్నర అంగుళం పైపు. లోపలి పైపు చేత్తో తిప్పుతాను. లోపలి పైపు బయటి పైపు నుంచి మీటరున్నర బయటికి ఉంది. హబ్ స్లాబ్ నుంచి 5 మీటర్లు, అంటే నేల నుంచి 12. ఫైబర్‌గ్లాస్ గొట్టాలు ఆరు. తీగ ఇంటి వైరింగ్‌కి వాడే 1.5 చదరపు మి.మీ. పీవీసీ రాగి తీగ. కొలతలు పట్టికలో ఉన్నవి ఉన్నట్టే కోశాను: 20 మీటర్ల బ్యాండ్‌కి డ్రైవర్ (కేబుల్ తగిలించే తీగ) ఒక్కో సగం 5.54 మీటర్లు, రిఫ్లెక్టర్ (వెనక ఉండే విడి తీగ) 10.46 మీటర్లు, రెంటి కొసల మధ్య తాడు 61 సెం.మీ. ఫీడ్ (డ్రైవర్‌కి కేబుల్ కలిసే చోటు) దగ్గర నుంచి గదిదాకా ఆర్‌జీ-58 కేబుల్ 30 మీటర్లు, మధ్యలో ఏమీ లేదు.

రేడియో దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత తిరిగొస్తోందో చెప్పే అంకె, 1 అయితే ఏమీ రానట్టు) 14.150 మెగాహెర్ట్జ్‌లో 1.6, 18.120లో 1.5, 21.200లో 1.4, 24.940లో 1.5, 28.400లో 1.3. ఇవి చూసి పని అయిపోయిందనుకున్నాను. కానీ 20 మీటర్లలో హైదరాబాద్, చెన్నై స్టేషన్లు ఎటు తిప్పినా ఒకేలా వినిపిస్తున్నాయి. యూరప్ స్టేషన్ మీద ముందుకీ వెనక్కీ ఒక ఎస్ (రేడియో సిగ్నల్ మీటర్ మీద ఒక అంకె) కూడా తేడా లేదు. అదే మేడ మీద అవతలి మూల, 12 మీటర్ల దూరంలో పాత ఇన్వర్టెడ్ వీ (మధ్య ఎత్తి కొసలు కిందికి దించిన తీగ యాంటెన్నా) ఉంది, శిఖరం నేలకి 10 మీటర్లు. దానికీ దీనికీ కూడా పెద్ద తేడా తెలియడం లేదు.

రెండు ప్రశ్నలు. బీమ్ నిజంగా బీమ్‌లా పని చేస్తోందో లేదో ఎలా తేల్చుకోవాలి? అక్టోబర్ వస్తోంది, గై తాళ్లు (పైపు పడకుండా లాగి కట్టేవి) మూడూ పిట్టగోడకి ఉన్న కొక్కేలకి కట్టాను, అది సరిపోతుందా?

---

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

మాస్టారూ, వివరంగా రాశారు కాబట్టి జవాబు మీ వివరాల్లోనే దొరికింది. తీగ చూడండి.

ఆ పట్టిక కొలతలు బేర్ రాగి తీగకి. పీవీసీ తొడుగున్న తీగలో తరంగం కాస్త నెమ్మదిగా నడుస్తుంది, అందుకని అదే పొడవు తీగ కింది ఫ్రీక్వెన్సీలో రెజొనెన్స్‌కి (తీగ బాగా స్పందించే స్థితికి) వస్తుంది. ఇంటి వైరింగ్ తీగకి తొడుగు మందం కాబట్టి 3 నుంచి 4 శాతం దాకా తేడా వస్తుంది. 14.150లో 3.5 శాతం అంటే దాదాపు 500 కిలోహెర్ట్జ్. మీ 20 మీటర్ల బీమ్ ఇప్పుడు 13.650 దగ్గర చక్కగా పని చేస్తోంది, అక్కడ మనకి బ్యాండే లేదు.

రెండు ఎలిమెంట్ల (డ్రైవర్, రిఫ్లెక్టర్) బీమ్‌లో వెనక వైపు సిగ్నల్ చచ్చేది రిఫ్లెక్టర్ సరైన ఫ్రీక్వెన్సీలో ఉన్నప్పుడే. రిఫ్లెక్టర్ పొడవెక్కువైతే వెనక వైపు అణచివేత మొదట పోతుంది, గెయిన్ (ముందు వైపు బలం) కొంచెం కొంచెంగా తగ్గుతుంది. మీకు కనిపిస్తున్నది అదే. పొట్టిదైతే ఇంకో గొడవ, అది డైరెక్టర్‌లా మారి బీమ్ వెనక్కి కొడుతుంది.

మరి ఎస్‌డబ్ల్యూఆర్ ఎందుకు బాగుంది? రెండు కారణాలు. ఎస్‌డబ్ల్యూఆర్ డ్రైవర్ ఇంపెడెన్స్ సంగతి చెబుతుంది, తరంగం ఎటు పోతోందో దానికి తెలియదు. డమ్మీ లోడ్‌కి (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్‌కి) 1.0 ఉంటుంది, దానితో పక్క వీధికి కూడా వినిపించదు. రెండోది మీ కేబుల్. 30 మీటర్ల ఆర్‌జీ-58లో 14 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 1.6 డీబీ (డెసిబెల్, బలం తేడా చెప్పే కొలత), 28 దగ్గర సుమారు 2.4 డీబీ పోతుంది. తిరిగొచ్చే తరంగం ఆ నష్టాన్ని రెండోసారి కూడా భరించి మీ మీటర్‌కి చేరుతుంది. గదిలో 1.6 అంటే యాంటెన్నా దగ్గర దాదాపు 2. కేబుల్ ఎంత పాడైతే ఎస్‌డబ్ల్యూఆర్ అంత అందంగా కనిపిస్తుంది.

చేయాల్సింది ఇది. మీ తీగకి సరైన గుణకం మీరే కొలుచుకోండి, ఎవరి శాతమూ నమ్మక్కర్లేదు. సరిగ్గా 5.00 మీటర్ల బేర్ రాగి తీగ తీసుకుని మధ్యలో కోసి డైపోల్ (రెండు సగాల తీగ యాంటెన్నా) చేయండి. మేడ మీద ఇనుముకి దూరంగా, చేయెత్తు కన్నా పైన, రెండు నైలాన్ తాళ్లతో అడ్డంగా కట్టండి. నానోవీఎన్‌ఏతో (యాంటెన్నాని కొలిచే చిన్న పరికరం) 26 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా స్వీప్ చేసి రియాక్టెన్స్ సున్నా అయ్యే ఫ్రీక్వెన్సీ, అంటే రెజొనెన్స్, రాసుకోండి. ఇప్పుడు అదే తాళ్లకి, అదే ఎత్తులో, అదే పొడవు పీవీసీ తీగ కట్టి మళ్లీ కొలవండి. రెండో అంకెని మొదటి దానితో భాగిస్తే మీ గుణకం వస్తుంది. డ్రైవర్, రిఫ్లెక్టర్ పొడవులన్నీ దానితో గుణించండి. కొసల మధ్య తాడు పొడవులు మాత్రం అలాగే ఉంచండి. తాడులో తరంగం లేదు కదా.

తీగ మార్చి బేర్ రాగి పెట్టాలని మాత్రం అనుకోవద్దు. మన తీరంలో ఉప్పు గాలికి బేర్ రాగి నెలల్లో నల్లబడుతుంది. పీవీసీ తొడుగు మనకి మేలే, కొలత సరిచేస్తే చాలు. కొసల్లో తొడుగు ఒలిచిన చోట టిన్ పూసి హీట్‌ష్రింక్ వేయండి, లేకపోతే నీరు తొడుగు లోపలికి పాకి తీగని లోపల్నుంచే తినేస్తుంది.

తీగ కురచ చేశాక చుట్టుకొలత తగ్గుతుంది. గొట్టాల మీద తీగ పట్టే క్లిప్పులని హబ్ వైపు జరపాలి. తీగలు వేలాడకుండా, అలాగని గొట్టాలని ఇంకా వంచకుండా ఉండే చోట బిగించండి. ఆరు గొట్టాల మీదా హబ్ నుంచి ఒకే దూరం ఉండాలి, టేపుతో కొలవండి, కంటికి వదలొద్దు.

ఇంకో లోపం: మీకు చోక్ (కేబుల్ బయటి అల్లిక మీద కరెంట్‌ని ఆపేది) లేదు. కోయాక్స్ (మీ ఆర్‌జీ-58 లాంటి కేబుల్) బయటి అల్లిక కూడా తీగలాగే ప్రసరిస్తుంది, పైనుంచి కింది దాకా వేలాడే ఆ నిలువు తీగకి ఒక దిక్కంటూ లేదు, అన్ని వైపులా వింటుంది. బీమ్ వెనక సిగ్నల్ తగ్గే గుంటని అదే పూడ్చేస్తుంది. ఎఫ్‌టీ240-43 లేదా ఎఫ్‌టీ240-31 ఫెరైట్ రింగ్ మీద ఆర్‌జీ-58 పదకొండు, పన్నెండు చుట్లు వేసి ఫీడ్ దగ్గరే పెట్టండి. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఫెరైట్ వచ్చేదాకా నాలుగంగుళాల పీవీసీ పైపు మీద పక్కపక్కనే ఏడెనిమిది చుట్లు వేసినా లేనిదానికన్నా నయం, కాకపోతే అది ఐదు బ్యాండ్లకీ సమానంగా పని చేయదు. పరీక్ష సులువు: వీఎన్‌ఏ చూస్తూ గది దగ్గర కేబుల్‌ని చేత్తో పట్టుకోండి, అటూ ఇటూ జరపండి. గీత కదిలిందంటే అల్లిక మీద కరెంట్ ఉన్నట్టే.

---

పలాస తీరం (పలాస)

పిట్టగోడ సంగతి నేను చెబుతాను, అది ఇవాళే మార్చాల్సింది.

పిట్టగోడ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, దానికి కింద స్లాబ్‌తో గట్టి పట్టు ఉండదు. పక్కకి లాగితే పై వరస ఇటుకలతో సహా ఊడొస్తుంది. ఎంత లాగుతుందో లెక్క చూడండి. మన తీర ప్రాంతానికి ఐఎస్ 875 (భవనాల మీద పడే భారాలకి భారత ప్రమాణం) మూడో భాగం ప్రకారం ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కి.మీ. కాగితం మీది అంకె అనుకోవద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటినప్పుడు ఆ స్థాయి గాలే వీచింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర దాటినప్పుడు వాతావరణ శాఖ చెప్పింది గంటకి 140-150 కి.మీ.

గాలి ఒత్తిడి 0.6 గుణించు వేగం వర్గం. 50కి అయితే చదరపు మీటరుకి 1500 న్యూటన్లు. హెక్స్‌బీమ్ గొట్టాలూ తీగలూ తాళ్లూ కలిపి అర చదరపు మీటరు అనుకోండి, గుండ్రటి వాటికి 1.2 గుణకం వేస్తే 900 న్యూటన్లు. సుమారు 92 కిలోల బరువు పక్కనుంచి తోసినట్టు. గై 45 డిగ్రీల్లో ఉంటే ఆ వైపు గై మీద దాదాపు 130 కిలోలు, బిగింపు దానికి అదనం.

ఇప్పుడు మీ లోపలి పైపు. మీడియం క్లాస్, అంటే నీలం పట్టీ ఉన్న ఒకటిన్నర అంగుళం జీఐ పైపు బయటి వ్యాసం 48.3, మందం 3.2 మి.మీ. గై ఉన్న చోటి నుంచి మీటరు పైన 900 న్యూటన్లు తోస్తే ఆ పైపులో 188 మెగాపాస్కల్ ఒత్తిడి వస్తుంది, అది వంగే అంచు. మీరు మీటరున్నర బయటికి పెట్టారు. అది 280 దాటుతుంది, కచ్చితంగా వంగుతుంది. దాన్ని 60 సెం.మీ.కి దించండి, 113 దగ్గర ఆగుతుంది. బయటి రెండంగుళాల పైపు (60.3 వ్యాసం, 3.6 మందం) అయితే మీటరు పైకున్నా 105 మాత్రమే. కాబట్టి ఎత్తు కావాలంటే బయటి పైపుతో తెచ్చుకోండి, లోపలి పైపుతో కాదు. పసుపు పట్టీ పైపు చవకని కొనొద్దు, అది లైట్ క్లాస్. గై రింగ్ బయటి పైపు పై కొస దగ్గరే ఉండాలి.

గై తాళ్లు 120 డిగ్రీలకొకటి చొప్పున మూడు. కొక్కేలు ఎక్కడ వేయాలంటే పిల్లర్ల మీద. పై అంతస్తు కోసం వదిలిన పిల్లర్ చువ్వలు మీ మేడ మీద ఉంటే అంతకన్నా గట్టి లంగరు లేదు. రెండు చువ్వలని కలిపి 12 మి.మీ. రాడ్ లూప్ వెల్డింగ్ చేయించి, తుప్పు గీకి, జింక్ ప్రైమర్ కొట్టండి. చువ్వలు లేకపోతే స్లాబ్ కింద కాంక్రీట్ దూలం వెళ్లే గీత చూసుకుని ఎం12 యాంకర్ ఫాస్టెనర్లు దింపండి. పిల్లర్ మధ్యలో కాకుండా ఉత్తి స్లాబ్ మీద పైపు అడుగు నిలబెడితే వాన కాలంలో అక్కడే చెమ్మ దిగుతుంది. అడుగు ప్లేట్ పిల్లర్ నెత్తి మీదకి రావాలి.

గైకి 4 లేదా 5 మి.మీ. జీఐ వైర్ రోప్ సరిపోతుంది, కానీ పైన మొదటి రెండున్నర మీటర్లు వైర్ వద్దు. అక్కడ పాలియెస్టర్ తాడు వేయండి, 10 మీటర్ల బ్యాండ్ తీగలు హబ్ దగ్గర బాగా కిందికి ఉంటాయి. మిగతా వైర్‌ని ఎగ్ ఇన్సులేటర్లతో ముక్కలు చేయండి. 5, 7, 10 మీటర్ల ముక్కలు ఉండకూడదు, అవి 10, 15, 20 మీటర్ల బ్యాండ్లకి సగం తరంగం. మూడున్నర మీటర్ల ముక్కలు మంచివి. టర్న్‌బకిల్ బిగించాక దాని రంధ్రాల్లో తీగ దూర్చి కట్టాలి, గాలికి ఊగి ఊగి అదే విప్పుకుంటుంది.

వలలకి వాడే నీలం, ఆకుపచ్చ తాడు మన రేవుల్లో చవగ్గా దొరుకుతుంది, అందరూ అదే కడతారు. పడవ మీద మార్చుకుంటూ ఉంటారు కాబట్టి వాళ్లకి సరిపోతుంది. యాంటెన్నా మీద ఎండకి ఏడాదిలో పొడి రాలిపోతుంది. నైలాన్ తాడైతే తడిస్తే సాగుతుంది, వాన పడ్డ రోజు మీ హెక్స్‌బీమ్ ఆకారం మారి ఎస్‌డబ్ల్యూఆర్ కూడా మారుతుంది. హబ్ నుంచి గొట్టాల కొసలకి వేసే తాళ్లు పాలియెస్టర్‌వే అయి ఉండాలి.

బోల్టులు, యూ-క్లాంపులు ఎస్ఎస్ 316 దొరికితే అది, లేకపోతే 304. స్టీలూ అల్యూమినియమూ తగిలే చోట గ్రీజు. రాగి లగ్గుని అల్యూమినియానికి నేరుగా బిగించకండి, మధ్యలో స్టీల్ వాషర్ ఉండాలి.

బయటి పైపు అడుగున 6 మి.మీ. రంధ్రం వేయండి, లేకపోతే నీళ్లు నిలిచి లోపలి పైపు పట్టేస్తుంది. రెండు పైపుల మధ్య చుట్టూ 2.4 మి.మీ. ఖాళీ ఉంటుంది. పైనొకటి, కిందొకటి నైలాన్ బుష్ లేత్ షాపులో తిప్పించండి. బుష్ లేకపోతే గాలికి ఇనుము ఇనుముకి కొట్టుకుని రాత్రంతా టకటక, అది చివరికి పైపునే అరగదీస్తుంది.

ఇంత చేసినా తుపాను హెచ్చరిక వస్తే దించేయడమే. 12 కిలోల యాంటెన్నాకి ఇద్దరు చాలు, యూ-క్లాంపులు విప్పి మేడ మీద పడుకోబెట్టి గొట్టాలని పిల్లర్ చువ్వలకి కట్టేయండి. దించేటప్పుడు 11 కేవీ లైన్ ఎటుందో ముందు చూడండి. పైపు ఎటు పడినా, పైపు పొడవూ యాంటెన్నా వ్యాసార్ధమూ కలిపినంత దూరంలో కరెంట్ తీగ ఉండకూడదు. మీకు అది దాదాపు 9 మీటర్లు. అంతలోపు లైన్ ఉంటే పైపు స్థలమే మార్చండి, దీనికి వేరే మార్గం లేదు.

---

గంటస్తంభం14

ఇద్దరికీ ధన్యవాదాలు. లైన్ 15 మీటర్ల అవతల ఉంది. గైలు పిల్లర్ చువ్వలకి మార్చాను, లోపలి పైపు 60 సెం.మీ.కి దించాను.

డైపోల్ పరీక్ష: బేర్ తీగ 28.62, పీవీసీ తీగ 27.58. గుణకం 0.964. యాంటెన్నా దగ్గరే వీఎన్‌ఏ పెట్టి 12 నుంచి 30 దాకా స్వీప్ చేస్తే 20 మీటర్ల బ్యాండ్ గుంట (ఎస్‌డబ్ల్యూఆర్ అతి తక్కువయ్యే చోటు) 13.6 దగ్గర కనిపించింది, 10 మీటర్లది 27.4 దగ్గర. ఇంతకు ముందు బ్యాండ్ లోపలే స్వీప్ చేశాను, అందుకే కనబడలేదు. 20కి డ్రైవర్ సగం 5.34, రిఫ్లెక్టర్ 10.08, 10కి డ్రైవర్ సగం 2.61, రిఫ్లెక్టర్ 5.00 అని లెక్క వేశాను, సరేనా? చోక్ కూడా చుట్టాను. ఇవి పైకెత్తాక ముందు వెనక తేడా, పాత వీతో తేడా ఎలా కొలవాలి?

---

వీణతీగ (బొబ్బిలి)

లెక్క సరే. కోసేటప్పుడు మడత పెట్టి ముడేసే కొస తీగని ఎలిమెంట్ పొడవులో కలపకండి. 10 మీటర్లలో ఒక సెంటీమీటరు తేడా 50 కిలోహెర్ట్జ్ పైనే జరుపుతుంది.

హైదరాబాద్, చెన్నై స్టేషన్లతో పరీక్ష వద్దు. హైదరాబాద్ మీకు 500 కి.మీ., అక్కడి సిగ్నల్ అయనావరణం నుంచి దాదాపు 50 డిగ్రీల కోణంలో దిగుతుంది. అంత నిలువుగా వచ్చేదానికి ఏ చిన్న బీమ్‌కైనా ముందూ వెనకా ఒకటే. లోపలి పైపు దించాక నేల నుంచి సుమారు 11 మీటర్ల ఎత్తులో మీ యాంటెన్నా 20 మీటర్ల బ్యాండ్‌లో బాగా చూసేది 29 డిగ్రీల దగ్గర, 15లో 19 డిగ్రీలు, 10లో 14 డిగ్రీలు. తరంగ దైర్ఘ్యాన్ని ఎత్తుకి నాలుగు రెట్లతో భాగిస్తే వచ్చేది ఆ కోణం సైన్. 20 మీటర్లలో మీకు దూర దేశాలు 10లో ఉన్నంత సులువుగా అందకపోతే అది హెక్స్‌బీమ్ తప్పు కాదు, ఎత్తు తక్కువ.

పరీక్షకి మనకి ఉచితంగా దొరికే మంచి సాధనం ఎన్‌సీడీఎక్స్ఎఫ్ బీకన్లు (పరీక్ష కోసం వంతుల వారీగా సంకేతం పంపే స్టేషన్లు). ప్రపంచమంతటా 18 స్టేషన్లు, ఒకే ఐదు ఫ్రీక్వెన్సీలు: 14.100, 18.110, 21.150, 24.930, 28.200. సరిగ్గా మీ ఐదు బ్యాండ్లు. ఒక్కోటి పది సెకన్లు పలుకుతుంది, మూడు నిమిషాల్లో ఒక చుట్టు పూర్తి. గంట మొదటి నుంచి ప్రతి మూడు నిమిషాలకీ చుట్టు మొదలవుతుంది. మన టైముకీ యూటీసీకీ (అంతర్జాతీయ సమయానికీ) తేడా 330 నిమిషాలు, మూడుతో నిశ్శేషంగా పోతుంది, కాబట్టి మన గడియారమే చూసుకోవచ్చు. గడియారాన్ని ఇంటర్నెట్‌తో సెకను వరకూ సరిచేసుకోండి.

14.100లో చుట్టు మొదలైన 50వ సెకనుకి పెర్త్ దగ్గరి వీకే6ఆర్‌బీపీ, ఒక నిమిషానికి జపాన్ జేఏ2ఐజీవై, నిమిషం ముప్పైకి శ్రీలంక 4ఎస్7బీ, రెండు నిమిషాల పదికి ఫిన్లాండ్ ఓహెచ్2బీ. తర్వాతి బ్యాండ్‌లో అదే స్టేషన్ పది సెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఏదైనా బీకన్ ఆ రోజు ఆగి ఉండొచ్చు, ముందు ప్రాజెక్ట్ పేజీలో స్థితి చూసుకోండి.

దీని అసలు విలువ ఇక్కడుంది. బీకన్ తన పేరు, మొదటి గీత (మోర్స్‌లో పొడవు మోత) 100 వాట్లతో పంపుతుంది. తర్వాత గీతలు 10 వాట్లు, 1 వాటు, 0.1 వాటు. గీత గీతకీ సరిగ్గా 10 డీబీ. కొత్తవాళ్లు ఎస్ ఒక్కటికి 6 డీబీ అని లెక్క వేస్తారు. చాలా రేడియోల్లో ఎస్9 కింద 3, 4 డీబీ మాత్రమే. 100 వాట్ల గీతకి ఎస్8, 10 వాట్లకి ఎస్5 చూపిస్తే మీ మీటర్ ఎస్ ఒక్కటికి 3.3 డీబీ అన్నమాట. ఈ పట్టిక మొదట రాసుకోండి, ఆ తర్వాత మిగతా కొలతలు. ప్రీఆంప్ ఆపేయండి, సీడబ్ల్యూ (మోర్స్) మోడ్‌లో 500 హెర్ట్జ్ ఫిల్టర్ పెట్టండి.

ముందు వెనక తేడాకి ఒక చుట్టు ముందు వైపు, తర్వాతి చుట్టు వెనక్కి తిప్పి, అలా మార్చి మార్చి పది చుట్లు. అరగంట పని. ఒకటి రెండు చుట్లు చూసి నిర్ణయానికి రావద్దు, ఫేడింగ్ ఒక్కటే 10 డీబీ పైకీ కిందికీ ఆడిస్తుంది. రెండు వైపులా మధ్యస్థ విలువ తీసుకోండి. బ్యాండ్ అప్పుడే తెరుచుకునేటప్పుడూ మూసుకునేటప్పుడూ పరీక్షిస్తే అంకెలు తారుమారవుతాయి, నిలకడగా ఉన్న సమయం చూడండి.

పాత వీతో పోల్చాలంటే రెండు కేబుళ్లూ ఒక కోయాక్స్ స్విచ్‌కి తెచ్చి, 100 వాట్ల గీత ఉండగా కాదు, చుట్టు చుట్టుకీ మార్చండి. వీ ఏ దిక్కుకి అడ్డంగా ఉందో ఆ దిక్కు బీకన్‌తోనే పోల్చాలి, దాని కొస వైపు స్టేషన్‌తో పోల్చితే బీమ్‌కి లేని గొప్ప వస్తుంది.

ఎంత ఆశించాలో కూడా చెప్పాలి. రెండు ఎలిమెంట్ల బీమ్‌కి అదే ఎత్తులోని డైపోల్ మీద 3, 4 డీబీ ఎక్కువ వస్తుంది, అంతే. మీటర్ మీద ఒక ఎస్ కదిలితే సరైన పని చేస్తున్నట్టు. వెనక వైపు 15 డీబీ తగ్గితే బాగుంది, 20 వస్తే చాలా బాగుంది. వినేటప్పుడు ఆ వెనక వైపు అణచివేతే ఎక్కువ ఉపయోగం: యూరప్ వైపు పెట్టినప్పుడు తూర్పు ఆసియా గోల తగ్గిపోతుంది.

ప్రసార వైపు పరీక్షకి రివర్స్ బీకన్ నెట్‌వర్క్ ఉంది. సీడబ్ల్యూలో సీక్యూ (ఎవరైనా ఉన్నారా అనే పిలుపు) పిలవండి, నిమిషంలో ఏ దేశపు రిసీవర్‌కి ఎన్ని డీబీ అందారో పేజీలో కనబడుతుంది. యాంటెన్నా మార్చాక అదే ఫ్రీక్వెన్సీలో వెంటనే పిలిస్తే కొత్త రిపోర్ట్ రాకపోవచ్చు, రెండు కిలోహెర్ట్జ్ జరిగి పిలవండి.

ఒక్క మాట, మేడ మీద ఇనుప బట్టల తీగ ఉందా? 5 మీటర్లుంటే 10 మీటర్ల బ్యాండ్‌కి, 7 ఉంటే 15కి అది ఇంకో ఎలిమెంట్ అవుతుంది. బీమ్ కింద ఉన్నది తీసేసి నైలాన్ తాడు కట్టండి.

---

గంటస్తంభం14

బట్టల తీగ ఉంది, కొలిస్తే 7.2 మీటర్లు! విప్పేశాను. పైపు మీద దిక్కుల గుర్తులు పెట్టాలి. ఏ దేశం ఎన్ని డిగ్రీలు, ఉత్తరం ఎలా పట్టుకోవాలి? మేడ మీద దిక్సూచి చోటు చోటుకీ మారుతోంది.

---

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

దిక్సూచి స్లాబ్ చువ్వలని చూసి తిరుగుతోంది. రాత్రి మబ్బు లేనప్పుడు ధ్రువ నక్షత్రం చూడండి, మన అక్షాంశం 18 డిగ్రీలు కాబట్టి అది దిగంతం నుంచి 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, చేయి చాచి పిడికిలి పట్టుకుంటే దాదాపు రెండు పిడికిళ్లు. పైపు పక్కన నిలబడి నక్షత్రం కింద ఏ ఇల్లు, ఏ టవర్ వస్తోందో గుర్తు పెట్టుకోండి. తెల్లారాక హెక్స్‌బీమ్ ముందు వైపుని దానికి గురి పెట్టి పైపు మీద సున్నా గీయండి. ముందు వైపంటే డ్రైవర్ తీగలు హబ్ నుంచి వెళ్లి తగిలే రెండు గొట్టాల నడిమి. రిఫ్లెక్టర్ మిగతా నాలుగు గొట్టాల చుట్టూ తిరుగుతుంది. చాలామంది ఇక్కడే తలకిందులు చేస్తారు.

విజయనగరం నుంచి: జపాన్ 58 డిగ్రీలు, సిడ్నీ 129, పెర్త్ 148, శ్రీలంక 197, దక్షిణాఫ్రికా 232, కెన్యా 252, లండన్ 319, ఫిన్లాండ్ 330, న్యూయార్క్ 341, కాలిఫోర్నియా 22. అమెరికా అంటే పడమర అనుకుంటారు. మనకి అది ఉత్తరం, ధ్రువం పక్కనుంచి దారి. రోజుకి ఎక్కువసార్లు తిప్పేది 58, 148, 232, 325, 0. హెక్స్‌బీమ్ ముందు పుంజం వెడల్పు కాబట్టి ఐదారు డిగ్రీల తేడా పట్టించుకోనక్కర్లేదు.

బయటి పైపుకి, ఆ ఐదు చోట్లా లోపలి పైపుకి 10 మి.మీ. రంధ్రం వేసి పిన్ దూర్చండి. రంధ్రం గై రింగ్ దగ్గర వద్దు, పైపుకి బలం కావాల్సింది అక్కడే. మీ చేయి అందే ఎత్తులో, అడుగు నుంచి మీటరు పైన వేయండి. పిన్ లేకుండా ఎంత బిగించినా ఈదురు గాలికి బీమ్ తనంతట తనే తిరుగుతుంది.

తిప్పడానికి మేడ మీదకి ఎవరు వెళ్లినా ముందు రేడియో ఆపండి. ప్రసారం చేసేటప్పుడు తీగ కొసల్లో వోల్టేజీ ఎక్కువ, పిల్లలు గాలిపటానికి ఎక్కి ఆ తీగ పట్టుకుంటే కాలుతుంది. పైపుకి విడిగా ఎర్త్ రాడ్ దింపి, దాన్ని ఇంటి ఎర్త్‌తో రాగి పట్టీతో కలపండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మబ్బు కమ్మితే కోయాక్స్ ఊడదీసి కిటికీ బయట పెట్టేయండి.

పీఎల్-259 ప్లగ్గులకి సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు కింద నుంచి పైకి చుట్టండి, పై పొర కింది పొర మీదకి వచ్చి నీరు జారిపోతుంది. దాని మీద మామూలు పీవీసీ టేపు, ఎండ తగలకుండా. ఫీడ్ దగ్గర కోయాక్స్‌కి ఒక చిన్న వంపు వదలండి, చినుకులు ఆ వంపు అడుగు నుంచి రాలిపోవాలి. వీలైనప్పుడు ఆర్‌జీ-58 మార్చి ఆర్‌జీ-213 వేయండి. 28 మెగాహెర్ట్జ్‌లో 30 మీటర్లకి 2.4 డీబీ పోయేది 1.2కి దిగుతుంది. అప్పుడు గదిలో ఎస్‌డబ్ల్యూఆర్ కొంచెం పెరిగినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు, ఇన్నాళ్లూ కేబుల్ దాచింది బయటపడిందంతే. 73 (శుభాకాంక్షలు).